క్వు అంటే నీళ్లు: ప్యూజెట్ సౌండ్ ఒడ్డున ఆరు రోజులు

మొదటి రోజు: బోతెల్ నుంచి సియాటిల్

అమ్మాయి ఇల్లు అమెరికాలో, సియాటిల్ నగరం పక్కనున్న బోతెల్‌లో. నేను వచ్చి మూడు వారాలైంది. ఎక్కడికీ తిప్పవద్దని, అక్టోబరు మొదటి వారంలో ఆరు రోజులు మాత్రం నాకు వదిలేయమని ముందే చెప్పి ఉంచాను. ఈ నేల మీద ఇంగ్లీషు అడుగు పెట్టకముందు నుంచీ ఉన్న భాష ఒకటి ఉందని, దాన్ని ఇప్పుడు తాతలూ మనవలూ పక్కపక్కన కూర్చుని మళ్లీ నేర్చుకుంటున్నారని నిరుడు చదివాను. ఇంగ్లీషులో దాని పేరు లషూట్‌సీడ్. ఉత్తరాన స్కాజిట్ నది నుంచి దక్షిణాన ఒలింపియా దాకా, ప్యూజెట్ సౌండ్ అనే ఉప్పునీటి పాయ చుట్టూ ఉన్న ఎన్నో తెగలది ఆ భాష. మనవాళ్లు ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన రెడ్మండ్, బెల్వ్యూ, బోతెల్ అన్నీ ఆ భాష నేల మీదే ఉన్నాయి.

నేను ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను. అందులో తొలి పదకొండేళ్లు ఉట్నూరు ప్రాంతంలో ఒక ఆశ్రమ పాఠశాలలో, గోండు, కొలాము పిల్లలకు. ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ఆ బడిలోనే ఉంది. మూడో రోజు దగ్గర రాస్తాను.

మధ్యాహ్నం వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2015లో తెరిచిన ఒక భవనం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇంగ్లీషులో దాన్ని ఇంటలెక్చువల్ హౌస్ అంటారు. అసలు పేరులో తలకిందులైన ‘ఇ’ ఉంది, నడుముకు గీత చుట్టుకున్న ‘ఎల్’ ఉంది, కింది చుక్క రాలిపోయిన ప్రశ్నార్థకం ఉంది. ఆ పేరు చివరి ముక్కకు ఇల్లు అని అర్థం. ఈ భాషలో ఇల్లు, చెయ్యి, నోరు వంటివి పదం తోకకు అతుక్కుని వస్తాయి. భాష అసలు పేరు, నా చెవికి వినిపించినంతలో, ‘ద్‌హ్వ్‌లషూౘిద్’. చివరనున్న ‘ఊౘిద్’ నోటికి సంబంధించిన ముక్క.

ఈ ‘ౘ’ దగ్గర నా మనసు ఆగిపోయింది. ‘చాప’ అనేటప్పుడు మనం పలికే చ, ‘చెట్టు’ అనేటప్పుడు పలికే చ ఒకటి కావు. మొదటిదానికి పాత అచ్చు పుస్తకాల్లో వేరే గుర్తు ఉండేది, ఇప్పుడు మానేశాము. ఇంగ్లీషువారికి ఆ ధ్వనికి అక్షరం లేక ‘టీ’, ‘ఎస్’ జత చేశారు. లషూట్‌సీడ్ అనే పేరు నడుమ ఉన్న ‘ట్‌సీ’ అలా వచ్చినదే. ‘జామ’లోని ౙ, ‘జీతం’లోని జ కూడా ఈ భాషలో వేర్వేరు అక్షరాలు. మనం వదిలేసుకున్న రెండు గుర్తులూ ఇక్కడ నాకు పనికివచ్చాయి. నా నోట్‌బుక్‌లో అన్ని మాటలూ తెలుగు లిపిలోనే రాసుకున్నాను.

ఈ విశ్వవిద్యాలయంలోనే 1972 నుంచి 1987 దాకా వై హిల్బర్ట్ లషూట్‌సీడ్ బోధించారు. అప్పర్ స్కాజిట్ తెగవారు, 1918లో పుట్టారు. 1967లో టామ్ హెస్ అనే భాషాశాస్త్రవేత్తతో పరిచయం అయ్యేనాటికి ఆమెకు యాభై ఏళ్లు దగ్గరపడ్డాయి, జుట్టు దిద్దే పనిలో ఉన్నారు. ఇంట్లో పెద్దల నోట విన్న భాషను రాయడం, చదవడం ఆ వయసులో మొదలుపెట్టారు. ఆపైన నాలుగు దశాబ్దాలు అదే పని. 1950లలో లియాన్ మెట్‌కాఫ్ అనే ఆయన టేపు రికార్డరు మోసుకుంటూ ముసలివాళ్ల ఇళ్లకు తిరిగి వాళ్ల మాటలు పట్టుకున్నాడు. ఒక ఊరి అవ్వ చెప్పిన కబురును ఇంకో ఊరి అవ్వకు వినిపిస్తే, ఆమె ఆ టేపులోనే జవాబు చెప్పేదట. ఆ టేపులను విని, మాట మాటా రాసి, అర్థం చెప్పిన పని హిల్బర్ట్‌ది. హెస్, డాన్ బేట్స్‌లతో కలిసి ఆమె తెచ్చిన నిఘంటువు 1994లో అచ్చయింది. 2008లో ఆమె కన్నుమూశారు. ఇవాళ ఎవరు ఈ భాష నేర్చుకున్నా ఏదో ఒక మలుపులో ఆమె చేతిరాత మీదుగా వెళ్లవలసిందే.

రెండో రోజు: సుక్వామిష్

పొద్దున్నే ఫెర్రీలో బెయిన్‌బ్రిడ్జ్ దీవికి, ముప్ఫై అయిదు నిమిషాలు. అక్కడి నుంచి వంతెన దాటి సుక్వామిష్. సియాటిల్ నగరానికి ఎవరి పేరు పెట్టారో ఆ పెద్దాయన సమాధి ఇక్కడే ఉంది. ఆయన 1866లో మరణించారు. ఆయన పేరు చివర ఉన్నది ‘టిల్’ కాదు. నాలుకను ‘ల’ అనడానికి పెట్టి, పలకకుండా పక్కల నుంచి గాలి వదలాలి. సమాధి దగ్గర ఎవరూ లేరు కనుక గట్టిగానే ఓ పదిసార్లు ప్రయత్నించాను.

సాయంత్రం తిరుగు ఫెర్రీలో, అక్కడి మ్యూజియంలో రాసుకున్న పేర్లు మళ్లీ చూసుకుంటే ఒక విషయం తట్టింది. పటాల మీద సుక్వామిష్ అని ఉన్నవారు తమను తాము ‘సుక్వబ్ష్’ అంటారు. డువామిష్‌వారు ‘దువబ్ష్’. స్నోక్వాల్మీవారు ‘స్దుక్వల్బిహ్వ్’. మ ఉన్నచోట బ, న ఉన్నచోట ద. తెల్లవాళ్లు ఈ పేర్లు రాసుకున్న పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ధ్వనులు ఇటూ అటూ కాని స్థితిలో ఉండేవి. తర్వాత పూర్తిగా బ, ద అయిపోయాయి. కథల్లో కొన్ని పాత్రలు మాట్లాడేటప్పుడు మాత్రం పాత మ, న మిగిలాయి. ముక్కుతో పలికే ధ్వని మామూలు మాటల్లో ఒక్కటీ లేని భాషలు ప్రపంచంలో చాలా అరుదు. ఙ, ఞ, ణ, న, మ అని ఐదింటిని బల్లమీద రాసి వల్లె వేయించినదాన్ని నేను. అమ్మ అనే మాట ఇమడని భాష ఉంటుందని ఊహించలేదు.

మూడో రోజు: ముకిల్టియో, తులాలిప్

దారిలో ముకిల్టియో దగ్గర ఆగాము. 1855 జనవరి 22న ఇక్కడ పాయింట్ ఎలియట్ ఒప్పందం జరిగింది. ఎనభై ఇద్దరు తెగల పెద్దలు గుర్తులు పెట్టారు. అమెరికా ప్రభుత్వం తరఫున వచ్చిన గవర్నరు స్టీవెన్స్ మాటలను ఇంగ్లీషు నుంచి చినూక్ జార్గన్ అనే సంతభాషలోకి, దాని నుంచి లషూట్‌సీడ్‌లోకి మార్చి చెప్పారు. కొన్ని వందల మాటలు మాత్రమే ఉన్న బేరసారాల భాష అది. లక్షల ఎకరాల నేల చేతులు మారే సంగతిని ఆ కొద్ది మాటల్లో ఏ మేరకు చెప్పగలిగారో, ఏ మేరకు వీరికి చేరిందో!

తులాలిప్‌లో 2011లో తెరిచిన హిబుల్బ్ సాంస్కృతిక కేంద్రంలో నాలుగు గంటలు గడిపాను. దేవదారు జాతి చెట్టు వీళ్ల బతుకంతా అల్లుకుని ఉంది. పడవ అదే, ఇంటి దూలం అదే, బెరడు నారతో బుట్ట, టోపీ, చాప. మన వైపు తాటిచెట్టును తలచుకున్నాను. వస్తువుల పక్కన పేర్లు లషూట్‌సీడ్‌లో కూడా ఉన్నాయి.

ఆ తర్వాతి గోడ దగ్గర నా నడక ఆగింది. ఇక్కడ 1905 నుంచి 1932 దాకా అమెరికా ప్రభుత్వం ఒక వసతి బడి నడిపింది. పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి, ఒకే రకం బట్టలు తొడిగి, సగం రోజు చదువు, సగం రోజు పని. తమ భాష మాట్లాడితే శిక్ష. అలాంటి బడుల్లో పెరిగిన పిల్లలు తల్లిదండ్రులయ్యాక తమ బిడ్డలతో ఆ భాష మాట్లాడలేదు. మరచిపోయి కాదు. తాము తిన్న దెబ్బలు బిడ్డలు తినకూడదని. ఒక భాష రెండు తరాల్లో అలా మూగబోయింది.

ఫొటోలో వరుసగా నిలబడిన పిల్లల్ని చూస్తూ ఉండిపోయాను. అమ్మాయి వచ్చి, “అమ్మా, కూర్చుంటావా?” అంది. కూర్చున్నాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది దానికి చెప్పాను.

నా ఉద్యోగంలో నాలుగో ఏడు. మూడో తరగతి. ఎండలు మొదలయ్యాయి. ఒక గోండు పిల్లవాడు లేచి “ఏర్” అన్నాడు. నీళ్లు కావాలంటున్నాడని నాకు తెలుసు. “నీళ్లు అను, వెళ్లి తాగిరా” అన్నాను. వాడు అనలేదు. గంట కొట్టేదాకా నిలబడే ఉన్నాడు. నేను కొట్టలేదు, తిట్టలేదు. తెలుగు నేర్పుతున్నాననే అనుకున్నాను. ఆ ఏడాది మిగిలిన రోజులన్నీ వాడు నా తరగతిలో నీళ్లు అడగలేదు. అది గమనించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి బదిలీ అయి నిర్మల్‌లో ఉన్నాను.

మా బడిని ఈ ఫొటోలోని బడితో సమానం చేయడం న్యాయం కాదని తెలుసు. మా పిల్లలు సెలవులకు ఇళ్లకు వెళ్లేవారు, గూడెంలో గోండి మాట్లాడేవారు. కానీ గుక్కెడు నీళ్ల దగ్గర ఒక పిల్లవాడి మాటను అడ్డుకున్నది నేనే.

అమ్మాయి ఏమీ అనలేదు. తిరిగి వచ్చేదారిలో కారు ఆపి టీ తెచ్చి ఇచ్చింది.

నాలుగో రోజు: సాయంత్రపు తరగతి

ఈ రోజు కోసమే వచ్చాను. ఒక తెగ వారి ప్రజాభవనంలో వారానికోసారి సాయంత్రం తరగతి జరుగుతుంది. ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాము. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయవద్దని కోరారు, రాయడం లేదు.

బల్లలూ బోర్డూ ఉంటాయనుకున్నాను. తరగతి వంటింట్లో! గుమ్మానికి ఒక దేవదారు కొమ్మ కట్టి ఉంది. ఆ కొమ్మ దాటితే ఇంగ్లీషు లేదు. మాట తెలియకపోతే చేత్తో చూపించాలి, లేదా ఎవరైనా అందించేదాకా ఆగాలి. మొత్తం పద్నాలుగు మంది. ఏడేళ్ల పాప నుంచి డెబ్బై దాటిన అవ్వ వరకు. చెప్పే ఆమెకు ముప్ఫై ఏళ్లుంటాయి. ఆమె కూడా ఇరవయ్యో ఏట టేపులు వింటూ మొదలుపెట్టినామె. ఆ గదిలో ఎవరికీ ఇది తల్లి ఒడిలో వచ్చిన భాష కాదు.

వాళ్లు చేసే పని ఏమిటంటే, చేస్తున్న ప్రతి పనినీ పైకి చెబుతారు. కప్పు కడుగుతున్నాను. నీళ్లు పోస్తున్నాను. చేపను కోస్తున్నాను. ఎదుటివారితో కాదు, తమతో తామే. మొదట విడ్డూరంగా అనిపించింది. కాసేపటికి గుర్తొచ్చింది, పసిబిడ్డకు నీళ్లు పోస్తూ మన తల్లులు చేసేది ఇదే కదా! “ఇదిగో చెయ్యి కడుగుతున్నాం, ఇదిగో బొజ్జ కడుగుతున్నాం” అని. వీళ్లు ఆ పసిబిడ్డ వంతు, తల్లి వంతు రెండూ తామే తీసుకున్నారు.

నాకు మొదట నేర్పిన మాట ‘క్వు’. నీళ్లు. మన క కంటే లోపల, కొండనాలుక దగ్గర పుట్టాలి, చివర గొంతు టక్కున మూసుకోవాలి. ఔననడానికి ‘ఈ’, కాదనడానికి ‘హ్వీ’, దీనికీ చివర అదే మూత. సాల్మన్ చేప ‘సులద్‌హ్వ్’. ఒకటి, రెండు, మూడు లెక్కపెడితే నాలుగు ‘బూస్’, ఐదు ‘ౘలౘ్’. ఇవి నాకు సులువుగానే వచ్చాయి. ఊపిరి బిగబట్టి పలికే ప, త, క లు మాత్రం రాలేదు. మన ఒత్తక్షరాల్లో ఊపిరి బయటికి తోస్తాము, ఇక్కడ లోపల ఆపి, చిటికె వేసినట్టు పేల్చాలి. చెప్పే ఆమె నా ఎదుట నిలబడి ఓపికగా ఇరవైసార్లు పలికింది. ఇరవై ఒకటోసారి నాకు ఒక్క క పేలింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. అరవై మూడేళ్ల వయసులో, ఒక్క హల్లుకు!

మధ్యలో ఒక సంగతి జరిగింది. అవ్వకు ఉప్పు కావాలి, మాట గుర్తురాలేదు. చెయ్యి చాచి అలా నిలబడింది. ఉప్పు డబ్బా ఆమెకు రెండు అడుగుల దూరంలో ఉంది. నేనైతే తీసి ఇచ్చేసేదాన్ని, లేదా ఇంగ్లీషులో ఒక్క మాట అనేసేదాన్ని. ఎవరూ కదల్లేదు. కానీ ఎవరి ముఖంలోనూ పరీక్ష పెడుతున్న చూపు లేదు. అందరూ ఆమెతో పాటే వెతుకుతున్నట్టు ఉన్నారు. చివరికి ఆమె మనవరాలు, తొమ్మిదేళ్లది, నెమ్మదిగా ఆ మాట అంది. అవ్వ తిరిగి అంది. ఉప్పు చేతికొచ్చింది. మాట కోసం ఒక మనిషిని నిలబెట్టడం నాకు కొత్త కాదు. ఆ మనిషి పక్కన తానూ నిలబడటం అప్పుడే చూశాను.

ఆ మనవరాలు నా నోట్‌బుక్ చూసి వదల్లేదు. తన మాటలు గుండ్రటి అక్షరాల్లో ఎలా ఉంటాయో చూపించమంది. ‘ౘప’ అని రాశాను. తాత అని అర్థం. ఇంగ్లీషులో రెండక్షరాలు కావలసిన ధ్వనికి మాకు ఒక్క అక్షరం ఉందని చెబితే, తమకూ ఒక్కటే ఉందని తన పుస్తకంలో రాసి చూపింది. ఆ పిల్ల తన అవ్వను ‘కయ’ అని పిలుస్తుంది. అవ్వ కొమ్మ దాటి బయటికి వచ్చాక ఇంగ్లీషులో నాతో చెప్పింది: తన తల్లి వసతి బడిలో చదివింది. తన ఎదుట ఎన్నడూ ఈ భాష మాట్లాడలేదు. పిన్ని వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ వంటింటి తలుపు మూసుకునేవారు. “నాకు బయటికి వినిపించింది వాళ్ల నవ్వు ఒక్కటే. దేనికి నవ్వుకునేవారో తెలుసుకోవాలని వస్తున్నాను” అంది.

తిండి అయ్యాక కథ. మింక్ అనే ముంగిసలాంటి జంతువు కథ, చిన్న చిన్న వాక్యాల్లో. ఆ కథ ఇక్కడ రాయను, చెప్పే హక్కు నాది కాదు. కానీ వింటున్నవాళ్లు మధ్యమధ్య ‘హబూ’ అంటున్నారు. అనకపోతే చెప్పేవారు ఆపేస్తారట. నేను ఆగలేక చెప్పాను, మా ఊళ్లలో కథ వినే పిల్లలు ఊఁ కొట్టాలని, కొట్టకపోతే మా అమ్మమ్మ కథ అక్కడే ఆపి పడుకునేదని. ఆ తర్వాత కథ అయ్యేదాకా ఆ ఏడేళ్ల పాప ఒకసారి హబూ అని, ఒకసారి ఊఁ అని కొడుతూ కూర్చుంది.

వెళ్లేటప్పుడు ‘టిగ్విౘిద్’ అన్నాను. కృతజ్ఞతలు అని. ఉచ్చారణ సరిగ్గా లేదని నాకే తెలిసింది. ఎవరూ దిద్దలేదు.

ఐదో రోజు: టకోమా

వాన. కొండ కనిపించలేదు. రెయినియర్ అని పటాల్లో రాసే ఆ కొండ పాత పేరే ఇంగ్లీషు నోట నలిగి ఈ నగరానికి టకోమా అయింది. దక్షిణపు మాండలికం ఇక్కడి పుయాలప్ తెగది. భాష పేరును కూడా వాళ్లు కొంచెం వేరుగా, ‘ట్వల్షూౘిద్’ అన్నట్టు పలుకుతారు.

నిన్న నేను చూసిన వంటింటి పద్ధతి మూలాలు ఈ వైపే ఉన్నాయి. వై హిల్బర్ట్ దగ్గర నేర్చుకుని, పుయాలప్ భాషా కార్యక్రమంతో కలిసి పనిచేసిన జల్మై జహీర్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఇల్లంతా ఒకేసారి మార్చడం ఎవరివల్లా కాదు. ఒక గది, ఒక మూల, అంట్లు తోమే తొట్టి, ఏదో ఒకటి ఎంచుకుని అక్కడ ఆ భాషే మాట్లాడాలి. రోజుకు ఒక గంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. నాకు ఇది మిగతా ఏ పద్ధతికన్నా నిజమైనదిగా తోచింది. బడిలో వారానికి మూడు పీరియడ్లు చెబితే పిల్లలకు రంగుల పేర్లు వస్తాయి, అంకెలు వస్తాయి, పండుగ రోజు ఒక పాట వస్తుంది. ఉప్పు అడగడం రాదు.

నిన్నటి తరగతిలో పరిచయమైన ఒక యువకుడు మధ్యాహ్నం భోజనానికి కలిశాడు. చేపల పడవ మీద పనిచేస్తాడు. టేపుల్లోని పెద్దల పలుకుకీ తమ పలుకుకీ పోలిక లేదని, తాము మాట్లాడేది ఇంగ్లీషు వాసన వేసే లషూట్‌సీడ్ అని అతని దిగులు. నా అభిప్రాయం అడిగాడు కనుక చెప్పాను. నేను ముప్ఫై ఏళ్లలో చూసిన ప్రతి పిల్లవాడూ తప్పుగానే మొదలుపెట్టాడు, తప్పు మాట్లాడనివ్వని చోట నోరు మూసుకున్నాడు. పెద్దల పలుకు టేపుల్లో భద్రంగా ఉంది, దిద్దుకోవడానికి ఎప్పుడైనా వెనక్కి వెళ్లవచ్చు. ముందు నోరు తెరవాలి. అతను ఒప్పుకున్నాడో లేదో తెలియదు. తన ఫోనులో వాళ్ల అక్షరాల కీబోర్డు చూపించి, చెల్లెలు పంపిన సందేశం చదివి వినిపించాడు. రాత్రికి ఏం వండాలని అడుగుతోందట.

ఆరో రోజు: బోతెల్

ఎక్కడికీ వెళ్లలేదు. పొద్దుటి నుంచీ నోట్‌బుక్ సాఫు చేసుకుంటూ కూర్చున్నాను. వంటింట్లో కుళాయి తిప్పినప్పుడల్లా క్వు అనుకున్నాను. మధ్యాహ్నానికి ఒక సంగతి తట్టింది. లషూట్‌సీడ్‌లో ఆరు రోజుల్లో నలభై మూడు మాటలు రాసుకున్నాను. పదకొండేళ్లు గోండుల మధ్య ఉండి, నా దగ్గర రాసిపెట్టుకున్న గోండి మాట ఒక్కటీ లేదు. చెవిన పడినవి కొన్ని ఉన్నాయి, అంతే. ఆ తర్వాత కాలంలో గిరిజన భాషల్లో వాచకాలు వచ్చాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో కంప్యూటర్ల అక్షర ప్రమాణమైన యూనికోడ్‌లో చోటు దక్కింది. అవన్నీ వార్తల్లో చదివి సంతోషించాను. నేర్చుకోవాలని మాత్రం అనుకోలేదు.

సాయంత్రం ఏడు గంటలకు, అంటే అక్కడ తెల్లవారి ఏడున్నరకు, ఉట్నూరులో ఉన్న పాత సహోద్యోగికి ఫోను చేశాను. గోండు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. మొన్నటిదాకా ఉపాధ్యాయుడే. ఆ ఏడేళ్ల పాపలాగే నాకూ వంటింటి మాటలు కావాలని చెప్పాను.

“ఇప్పుడెందుకు మేడం?” అన్నాడు. ఆ ప్రశ్నలో కోపం లేదు.

పిల్లవాడి సంగతి చెప్పాను. అటువైపు కొంతసేపు నిశ్శబ్దం. వాడి పేరు అడిగాడు. చెప్పాను. ఆ పేరు గలవాళ్లు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారని, విచారిస్తానని అన్నాడు. తర్వాత, “రాసుకోండి” అన్నాడు.

ఇల్లు, రోన్. నిప్పు, కిస్. నీళ్లు, ఏర్.

తెలుగు ‘ఏరు’ లాగే వినిపించింది, అలాగే పలికాను.

“చివర ఉకారం వద్దు మేడం. మళ్లీ అనండి.”